టెన్త్ దేనికో తేల్చుకున్నాకే దరఖాస్తు

ఈ వయసులో టెన్త్ రాయనిస్తారా అని చాలామంది సందేహిస్తూ ఏళ్లు గడిపేస్తారు. రాయనిస్తారు. ఓపెన్ స్కూల్లో టెన్త్‌కు 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండి ఉండాలి. అంతకు మించి వయసు గురించి షరతు లేదు. యాభై దాటిన ఆయా అయినా, ఆటో నడిపే తండ్రి అయినా, కొడుకు చదివే ఏడాదే తానూ టెన్త్ కట్టొచ్చు. ముందు తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది: మీకు టెన్త్ దేనికి కావాలి? దీనికి జవాబు దరఖాస్తు నింపకముందే మీ దగ్గర ఉండాలి. ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, ఎక్కడ చేరాలి, గట్టెక్కితే చాలా, మంచి మార్కులే రావాలా అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. ఆ ఆలోచన లేకుండా పక్కింటివాళ్లు కట్టారని కట్టేసినవాళ్లు, చేతిలో మెమో ఉండి కూడా కోరుకున్న ఉద్యోగానికి పనికిరాకుండా మిగిలిపోతున్నారు. అలా మిగిలిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చదవాల్సిన కష్టమంతా వాళ్లు పడ్డారు.

ఈ చిక్కు ఎక్కువగా లెక్కల దగ్గర వస్తుంది. ఓపెన్ స్కూల్లో 5 సబ్జెక్టులు ప్యాసైతే టెన్త్ వచ్చినట్టే. భాషలు పోగా మిగిలినవి ఎంచుకునే స్వేచ్ఛ మీది. లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రంతో పాటు అర్థశాస్త్రం, గృహవిజ్ఞానం, మనోవిజ్ఞానం వంటివీ జాబితాలో ఉంటాయి. కాబట్టి లెక్కలంటే చిన్నప్పటి నుంచీ దడ ఉన్నవాళ్లకు, అవి తీసుకోకుండానే టెన్త్ ప్యాసయ్యే వీలుంది. మధ్యవర్తులు కూడా అదే చెబుతారు, ‘లెక్కలెందుకమ్మా, గృహవిజ్ఞానం పెట్టుకో, తేలిగ్గా పోతుంది’ అని. ఆ మాటకు తల ఊపే ముందు మీ జవాబు గుర్తు తెచ్చుకోండి.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టుకు వెళ్లాలనుకుంటున్నారా? దానికి టెన్త్‌లో లెక్కలు, ఇంగ్లిషు తప్పనిసరిగా ప్యాసై ఉండాలి, స్థానిక భాష వచ్చి ఉండాలి. మామూలుగా వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. దానికి వేరే రాతపరీక్ష లేదు, టెన్త్ మార్కులతోనే ఎంపిక చేస్తారు. అంటే అక్కడ గట్టెక్కడం చాలదు, ప్రతి మార్కూ లెక్కలోకి వస్తుంది. పాలిటెక్నిక్‌కు పోవాలన్నా టెన్త్‌లో లెక్కలు ఉండాల్సిందే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడ్లకు లెక్కలు, సైన్సు రెండూ కావాలి. వెల్డర్, వైర్‌మన్ వంటి కొన్నిటికి 8వ తరగతి ఉన్నా సరిపోతుంది. పదేళ్లుగా వైరింగ్ పని చేస్తూ చేతిలో కాగితం లేక మేస్త్రీ కిందే ఉండిపోయిన కుర్రాడు లెక్కలు వదిలేసి టెన్త్ కడితే, ఎలక్ట్రీషియన్ ట్రేడు తలుపు తానే మూసుకున్నట్టు. నా సలహా ఏమిటంటే, నలభై లోపు వయసు ఉండి ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, సాంఘికం తీసుకోండి. ఒక ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇంతకుముందే లెక్కలు లేకుండా ప్యాసైపోయినవాళ్లు దిగులుపడక్కర్లేదు. జాతీయ ఓపెన్ స్కూల్లో కావాల్సిన సబ్జెక్టు ఒక్కటే కట్టి రాసి, దానికి మార్కుల మెమో తీసుకునే పద్ధతి ఉంది.

గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతి మరొకటి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపూ, కడప, కోనసీమ వైపూ ఇది ఇంటింటి విషయం. టెన్త్ ప్యాసైన రుజువు చూపలేనివాళ్లకు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస తనిఖీ తప్పనిసరి అన్న ముద్ర ఉన్న పాస్‌పోర్టు ఇస్తారు. దానితో సౌదీ, కువైట్, ఖతార్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తెచ్చుకోవాలి. టెన్త్ మెమో ఉంటే ఆ ముద్ర లేని పాస్‌పోర్టు వస్తుంది. ఈ అవసరానికి ఏ 5 సబ్జెక్టులైనా పనికొస్తాయి, మార్కులతో పని లేదు. అయితే ఒక హెచ్చరిక. ఆ అనుమతి తీసుకునేటప్పుడు కంపెనీ ఏది, జీతమెంత, ఒప్పందం ఏమిటి అని ప్రభుత్వం చూస్తుంది. ఈసీఆర్ కార్మికులకు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి చేస్తుంది. ముద్ర పోయాక ఆ తనిఖీ పోతుంది. అప్పుడు లైసెన్సు ఉన్న ఏజెంటేనా, ఒప్పందంలో ఏం రాశారు అని చూసుకునే బాధ్యత మీ మీదే పడుతుంది. టెన్త్ చదివింది అందుకు కూడా ఉపయోగపడాలి.

కొన్నిటికి టెన్త్ అసలు అవసరమే లేదు. లారీ, బస్సు నడిపే లైసెన్సుకు 8వ తరగతి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే ఎత్తేసింది. లైసెన్సు కోసమని ఇంకా ఎవరైనా మీ దగ్గర సర్టిఫికెట్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఎక్కడ చేరాలన్నది పెద్ద చిక్కు కాదు. తెలంగాణలో ఉన్నవాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఉన్నాయి. దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలే చాలాచోట్ల స్టడీ సెంటర్. పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి, ఆదివారాలు, సెలవు రోజుల్లో తరగతులు పెడతారు. పొట్టకూటికి ఊరు దాటినవాళ్లకు, భివండిలో, షోలాపూర్‌లో, సూరత్‌లో మగ్గాల మీద ఉన్న మనవాళ్లకు, 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్ మేలు. దాని కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి, గల్ఫ్‌లోనూ కొన్నిచోట్ల ఉన్నాయి. రాష్ట్ర సొసైటీల్లో ప్యాస్ మార్కు 35, జాతీయ సంస్థలో 33. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, దసరా, దీపావళి రోజుల్లో ఒకసారి జరుగుతాయి. రాష్ట్రాల్లో ప్రవేశాలు సాధారణంగా వానాకాలం మొదట్లో, బడులు తెరిచే రోజుల్లో మొదలవుతాయి. ఫీజు ఏటా మారుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు తగ్గింపు ఉంటుంది కాబట్టి కుల ధ్రువీకరణ పత్రం ముందే తెచ్చి పెట్టుకోండి. అక్షరాలే రానివాళ్లు మాత్రం నేరుగా టెన్త్‌కు దిగొద్దు. పదిహేనేళ్లు నిండినవాళ్లకు చదువు నేర్పే ఉల్లాస్ కార్యక్రమంలో చేరి, చదవడం, రాయడం చేతికొచ్చాక రండి.

దరఖాస్తు నింపడం ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి. పక్కన కూర్చుని ప్రతి అక్షరం చూడండి. టెన్త్ మెమో మీద పడిన పుట్టిన తేదీని పాస్‌పోర్టు దగ్గర నుంచి పింఛను దాకా అందరూ రుజువుగా అడుగుతారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, పాత టీసీలో చివరుంటే, ఒకదానిలో ‘లక్ష్మి’ మరోదానిలో ‘లక్ష్మమ్మ’ అయితే, రేపు ప్రతి కిటికీ దగ్గరా మీరే అది ఇది ఒకరే అని నిరూపించుకోవాలి. చాలామంది పల్లెటూరి ఆడవాళ్ల ఆధార్‌లో పుట్టిన రోజు జనవరి 1 అని ఉంటుంది, అది నమోదు చేసిన రోజు ఎవరో ఉజ్జాయింపుగా వేసింది. బడికి ఎన్నాళ్లు వెళ్లినా, అక్కడి రికార్డు షీట్ తెచ్చుకోండి. ఎన్నడూ వెళ్లకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ లేదా మండల ఆఫీసు నుంచి జనన ధ్రువీకరణ పత్రం సంపాదించండి. ముందు ఆధార్‌ను ఆ కాగితానికి తగ్గట్టు సరిచేయించి, ఆ తర్వాతే టెన్త్ దరఖాస్తు పెట్టండి. ఒక నెల ఆలస్యమవుతుంది, అవనివ్వండి. మెమో చేతికొచ్చాక దిద్దించుకోవడం దీనికి పదింతల కష్టం.

వారంలో సర్టిఫికెట్, పరీక్ష అక్కర్లేదు అంటూ కరెంటు స్తంభాలకు అంటించే కాగితాలను నమ్మకండి. అలాంటివాళ్లు ఎక్కడో ఢిల్లీ పేరుతో, ప్రభుత్వం గుర్తించని బోర్డు పేరుతో మెరిసే కాగితం ఇస్తారు. ఉద్యోగంలో చేరాక పై ఆఫీసు దాన్ని తనిఖీకి పంపుతుంది. దొంగదని తేలితే ఉద్యోగం పోతుంది, క్రిమినల్ కేసు పడుతుంది, ఆ కేసులో ముద్దాయి మీరే. మీ బదులు వేరేవాళ్లు పరీక్ష రాస్తారన్న మాట కూడా ఇలాంటిదే.

ఇక చదువు. ఓపెన్ స్కూల్ పద్ధతిలో పనివాళ్లకు అన్నిటికన్నా ఉపయోగపడేది, ప్యాసైన సబ్జెక్టు ప్యాసైనట్టే నిలిచిపోవడం. ఒకసారి నమోదైతే అది 5 ఏళ్లు చెల్లుతుంది, ఆలోగా 9 సార్లు పరీక్షలు రాయొచ్చు. ఐదూ ఒక్కసారే కట్టి, రెండు పోయి, నామోషీతో మానేసేవాళ్లే ఎక్కువ. మీరు మొదటి విడత తెలుగు, సాంఘికం వంటి రెండో మూడో రాయండి, తర్వాత సైన్సు, ఇంగ్లిషు, చివరికి లెక్కలు. ఒక్కదాని మీదే మూడు నాలుగు నెలలు కూర్చుంటే లెక్కలు వస్తాయి. పునాది గుంట తవ్వకానికి ఘనపుటడుగులు కట్టగలిగిన మేస్త్రీకి ఘనపరిమాణం కొత్తది కాదు, చీటీ పాట నడిపే అమ్మకు వడ్డీ లెక్క కొత్తది కాదు. వాళ్లకు కొత్తది ఆ లెక్కను మెట్టు మెట్టుగా కాగితం మీద రాసి చూపడం, మార్కులు వేసేది ఆ మెట్లకే. వెనక ఎప్పుడో రెగ్యులర్ టెన్త్ తప్పినవాళ్లు ఆ పాత మెమో వెతకండి. అందులో ప్యాసైన వాటిని కొన్ని షరతుల మీద, జాతీయ సంస్థలో అయితే 2 సబ్జెక్టుల వరకు, ఇక్కడికి కలుపుకోవచ్చు. కొత్త అడ్మిషన్ కట్టే ముందే ఆ సంగతి స్టడీ సెంటర్లో అడగండి.

చాలాకాలానికి పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్లను ఎక్కువగా ఓడించేది చెయ్యి. ఏళ్లుగా సంతకం తప్ప రాయని వేళ్లు గంటసేపటికే పట్టేస్తాయి, వచ్చిన జవాబులు కూడా సగంలో ఆగిపోతాయి. అందుకని పాఠం చదవడం ఎంతో రాయడం అంత. రోజూ ఒక పేజీ చూసి రాయండి, రెండో నెల నుంచి చూడకుండా రాయండి, పరీక్షకు ముందు పాత ప్రశ్నపత్రం పెట్టుకుని ఏకబిగిన పూర్తిగా రాసి చూడండి. పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు తిరగేస్తే ఏ పాఠం నుంచి ఎలాంటి ప్రశ్న వస్తుందో మీకే తెలిసిపోతుంది. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు పుస్తకం మొత్తం మోయక్కర్లేదు, ఆ వారం పాఠం చింపి మడిచి జేబులో పెట్టుకోండి. పుస్తకం పాడవుతుందని వెనకాడకండి. ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే వాళ్లనే అడగండి. చెప్పి చెప్పి వాళ్లకూ పాఠం వస్తుంది.

ఫలితం వచ్చాక పని ఇంకా ఉంది. మెమో అందిన రోజే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చూడండి, తప్పుంటే వెంటనే స్టడీ సెంటర్ ద్వారా రాసి పెట్టండి. వేరే బోర్డులో ఇంటర్ చేరేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోండి. జాతీయ సంస్థలో టెన్త్‌కూ ఇంటర్ పూర్తికీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలని నిబంధన, కాబట్టి ఇంటర్ అనుకుంటే ఆ రెండేళ్లు ఖాళీగా పోనివ్వక ముందే కట్టి ఉంచండి. గతంలో టెన్త్, ఇంటర్ లేకుండా అర్హత పరీక్షతో నేరుగా డిగ్రీ చేసే దారి ఉండేది. ఆ దారిన పోయినవాళ్లలో చాలామంది నియామకాల దగ్గర ఇంటర్ మెమో అడిగితే చూపలేక చిక్కుల్లో పడ్డారు. కాబట్టి వరుసగానే వెళ్లండి. పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర తనంతట తాను పోదు, మెమో జతచేసి కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇప్పటికే ప్రభుత్వ ఆఫీసులోనో, కంపెనీలోనో పర్మినెంటు ఉద్యోగంలో ఉన్న అటెండర్లు, స్వీపర్లు మెమో జిరాక్సుతో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, టెన్త్ అర్హతను తమ సర్వీసు రిజిస్టరులో రాయించుకోవాలి. రాశామని గుమస్తా చెబితే ఊరుకోక, ఆ పేజీ తెరిపించి మీ కళ్లతో చదువుకుని రండి.