ముక్కు ఊరుకుందని షెడ్డును నమ్మకు

ఆలూరు, చేవెళ్ల మండలం.



మొయినాబాద్ దగ్గర కోళ్ల ఫారంలో పనికి కుదిరావని విని సంతోషపడ్డాను బిడ్డా. మొదట్లో కళ్లు మండేవని, ఇప్పుడు వాసనే తెలియడం లేదని, అలవాటు పడిపోయానని రాశావు. ఆ చివరి మాటే నన్ను కలవరపెట్టింది.

ఆ ఘాటు అమ్మోనియాది. కోడి రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని షెడ్డు నేల మీద పరిచిన, తడిసిన ఊక లిట్టర్‌లో సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అది పుడుతుంది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి పీల్చగానే మొదట పట్టుకునేది తడిగా ఉండే ముక్కునే.

ముక్కు లోపల పలచని చీమిడి పొర ఉంటుంది. దాని కింద కంటికి కనిపించని శైలికలు అనే సన్నని నూగు పోగులు గాలికి వరిచేను ఊగినట్టు సెకనుకు పది పదిహేనుసార్లు కదులుతుంటాయి. అవే దుమ్మునూ క్రిములనూ చీమిడితోపాటు నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు నెడతాయి. అక్కడ మనం మింగేస్తాం, మిగతా పని కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది. అమ్మోనియా ఎక్కువైతే ఆ పొర క్షారంగా మారి, శైలికలు మందగిస్తాయి. రోజూ ఇదే అయితే అవి రాలిపోతాయి కూడా. అప్పుడు షెడ్డులోని దుమ్ము, ఈకల పొట్టు, క్రిములు ఆగాల్సిన చోట ఆగవు.

కోళ్లకూ ఇదే గతి. 20 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 20 వంతులు) అమ్మోనియాలో మూడు రోజులు ఉంచిన కోళ్లకు కొక్కెర తెగులు మరింత సులువుగా సోకిందని 1964లోనే అమెరికా పరిశోధకులు చూపారు. పనిచేసే మనిషికి పనిరోజు మొత్తం మీద సగటున 25 పీపీఎం దాటకూడదని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. వాసన మాత్రం అంతకంటే చాలా తక్కువకే తగులుతుంది. కానీ రోజూ పీల్చేవాడికి ఆ పసిగట్టే గుణం మొద్దుబారుతుంది. నువ్వు అలవాటు అనుకున్నది అదే. గాలి మారలేదు, నీకు తెలియడం మానేసింది.

చలికాలంలో మరీ జాగ్రత్త. కోడిపిల్లలకు వెచ్చగా ఉండాలని షెడ్డు పరదాలన్నీ దించేస్తే గ్యాసు లోపలే నిలుస్తుంది. పైభాగంలో కొంత సందు ఎప్పుడూ వదులు. కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ కారుతుంటే వెంటనే బాగుచేయించు. తడిసి గడ్డకట్టిన లిట్టర్ తీసి పొడి ఊక వెయ్యి. పచ్చి లిట్టర్ మీద సున్నం చల్లితే అమ్మోనియా ఒక్కసారిగా పైకి లేస్తుంది. చల్లక తప్పదంటే పరదాలు ఎత్తి చల్లు, వెంటనే బయటికి రా.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే గ్యాసు ఆగదు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, అమ్మోనియాను ఆపదు. పెంట ఎత్తే రోజు అమ్మోనియాకు పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు ఇవ్వమని యజమానిని అడుగు. సిగ్గుపడకు, ఊపిరి నీది. బీడీ ముట్టకు, ఆ పొగ కూడా శైలికలను దెబ్బతీస్తుంది. ముక్కు దిబ్బడ, దగ్గు వారాల తరబడి వదలకపోతే డాక్టరుకు చూపించుకో, ఏ పని చేస్తున్నావో కూడా చెప్పు.

పొద్దున షెడ్డులోకి వెళ్లగానే కోడి ఎత్తుకు కూర్చుని గాలి పీల్చి చూడు. గ్యాసు పుట్టేది అక్కడే. కోళ్ల కళ్లు నీరు కారుతున్నాయా, మూసుకుంటున్నాయా చూడు. బయటి నుంచి అప్పుడే వచ్చినవాడిని పిలిచి వాసన ఎలా ఉందో అడుగు. వాడు ముక్కు మూసుకుంటే, నీకేమీ తెలియకపోయినా సరే, ముందు పరదా ఎత్తు, తర్వాతే మేత వెయ్యి.

నీ క్షేమం కోరే
పెద్దనాయన