సైన్యంలో చేరాలా? ముందు ఏ గేటో తేల్చుకోండి

ఓటు వేయాలంటే 18 ఏళ్ళు నిండాలి. అబ్బాయి పెళ్ళికి 21 రావాలి. అగ్నివీర్‌గా సైన్యంలో చేరడానికి మాత్రం పదిహేడున్నర చాలు. అప్పటికి 18 నిండకపోతే తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాలి. చాలా ఇళ్ళలో ఆ సంతకం దగ్గరే మాటామాటా పెరుగుతుంది. ‘చదువా అంతంతమాత్రం, వెళ్ళనీయండి బావా’ అంటాడు మేనమామ. ‘ఒక్కగానొక్క కొడుకు, నేను పంపను’ అంటుంది తల్లి. కుర్రాడికేమో ఫోన్‌లో చూసిన పరేడ్‌లు కళ్ళ ముందు తిరుగుతుంటాయి. వీడు ఏ దారిన వెళ్తున్నాడు, ఇరవై రెండో ఏట ఎక్కడ నిలబడతాడు అన్న ప్రశ్న ఆ గొడవలో ఎవరికీ గుర్తుండదు.

పదిహేడేళ్ళవాళ్ళకి సైన్యంలోకి రెండు గేట్లున్నాయి. ఒకటి సిపాయిది, రెండోది ఆఫీసర్‌ది. మన రెండు రాష్ట్రాల్లో నాకు విచిత్రంగా కనిపించేది ఏమిటంటే, ఏ గేటు గురించి తెలియడమన్నది చదివే కాలేజీని బట్టి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు తెల్లవారుజామున బస్సులో వెళ్తే రోడ్డు వారన పరుగులు తీసే కుర్రాళ్ళు కనిపిస్తారు. వాళ్ళకి సైనిక నియామక ర్యాలీ గురించి అంతా తెలుసు, ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పేరు మాత్రం వినీ విననట్టుగా ఉంటుంది. విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్ళలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎంపీసీ రుబ్బేవాళ్ళలో సైన్యం ఆలోచన ఉన్నవాళ్ళు అరుదు. ఆ ఎంపీసీ లెక్కలే ఆఫీసర్ గేటు తెరుస్తాయని వాళ్ళకి చెప్పేవాళ్ళూ లేరు.

ముందు సిపాయి గేటు చూద్దాం. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చాక సిపాయిగా చేరే మామూలు దారి ఇదే. శిక్షణతో కలిపి సర్వీసు నాలుగేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకి 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది. అంటే మొదట్లో చేతికొచ్చేది 21,000, చివర్లో 28,000. కష్టమైన చోట్ల పనిచేస్తే ఆ అలవెన్సులు వేరుగా ఇస్తారు. నాలుగేళ్ళలో మీ జీతంలోంచి పోయేది సుమారు 5.02 లక్షలు. ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది. వడ్డీతో బయటికొచ్చేటప్పుడు చేతిలో పెట్టేది దాదాపు 11.71 లక్షలు, దాని మీద పన్ను లేదు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రం ఎంచుకుని మరో 15 ఏళ్ళకి రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు.

డిఫెన్స్ అకాడమీల పోస్టర్లలో ఈ 25 శాతం పెద్దక్షరాల్లో ఉంటుంది. మిగిలిన 75 శాతం గురించి మీకు మీరే లెక్క వేసుకోవాలి. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏట పదకొండు లక్షలతో ఊరికొచ్చిన కుర్రాడికి నిలబడడానికి ఏం ఆధారం ఉంది? టెన్త్‌తో చేరినవాళ్ళు ఎన్‌ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకునే ఏర్పాటు ఉంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు అని 2022లోనే కేంద్రం ప్రకటించింది. తొలి బ్యాచ్‌ల గడువు 2026 చివర, 2027 మొదట్లో తీరుతుంది. ఈ హామీలు ఎంత గట్టివో వాళ్ళ అనుభవంలోనే తెలుస్తుంది, కాబట్టి మీ ఊళ్ళో ఆ బ్యాచ్ వాడు ఎవరైనా ఉంటే వెళ్ళి అడగండి. ఏ సెమినార్‌లోనూ దొరకని సమాచారం అతని దగ్గర ఉంటుంది.

ప్రాణం సంగతి కూడా ఇంట్లో నోరు విప్పి మాట్లాడుకోవాలి. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్లి తండాకి చెందిన మురళీ నాయక్ అగ్నివీరుడే. 2025 మేలో జమ్మూకశ్మీర్‌లో పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. విధి నిర్వహణలో చనిపోయిన అగ్నివీరుడి కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, సేవానిధి, మిగిలిన సర్వీసుకి జీతం అందుతాయి. రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం లేదు. ఈ తేడాని ప్రశ్నిస్తూ అతని తల్లి బాంబే హైకోర్టుకి వెళ్ళారు. పిల్లవాణ్ణి భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. సంతకం పెట్టే తల్లిదండ్రులకి కాగితంలో ఏముందో తెలిసి ఉండాలి.

ఇంతా చెప్పి అగ్నివీర్ వద్దంటానా? అనను. ఇల్లు గడవాలి, కాలేజీ ఫీజుకి దారి లేదు, ఒంట్లో సత్తువ ఉంది అనుకునే కుర్రాడికి పద్దెనిమిదేళ్ళకి ఇంత జీతం, తిండి, బస ఇచ్చే ఉద్యోగాలు మన చుట్టుపక్కల పెద్దగా లేవు. నా అభ్యంతరం ఎన్‌డీఏ రాయగలిగిన పిల్లవాడు తెలియక ఈ గేటులోకి వెళ్ళిపోవడం మీదే. మధ్యలో నచ్చలేదని బయటికి రావడమూ కుదరదు, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప స్వచ్ఛందంగా వదలనివ్వరు.

ఆఫీసర్ గేటుకి పెద్ద తలుపు ఎన్‌డీఏ. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య వయసు ఉండాలి, పెళ్ళి కాకూడదు. ఇంటర్ రెండో ఏడాదిలోనే రాయొచ్చు. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా ఫరవాలేదు, ఎయిర్‌ఫోర్స్, నేవీలకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. మ్యాథ్స్‌కి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి 900. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, అది జేఎన్‌యూ డిగ్రీ. ఆపైన ఆర్మీవాళ్ళు దెహ్రాదూన్‌కి, నేవీవాళ్ళు కేరళలోని ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్‌వాళ్ళు మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌కి వెళ్తారు. బయటికొచ్చేసరికి లెఫ్టినెంట్, లేదా నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో దానికి సరిసమానమైన ర్యాంకు. మూల వేతనం 56,100, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ వగైరా. ఈ చదువుకీ శిక్షణకీ ట్యూషన్ ఫీజన్నది లేదు.

జేఈఈ మెయిన్ రాసినవాళ్ళకి ఇంకో రెండు దారులున్నాయి. ఆర్మీలో 10+2 టెక్నికల్ ఎంట్రీకి ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ స్కోరు కావాలి. నేవీ వాళ్ళ బీటెక్ కేడెట్ ఎంట్రీకి 70 శాతం అడుగుతారు. రెండింట్లోనూ వేరే రాతపరీక్ష లేదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ. ఐఐటీ ర్యాంకు రాలేదని లాంగ్‌టర్మ్‌లో కూర్చునే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీల మీద లెఫ్టినెంట్ల ఫొటోలు పెద్దగా వేయరు కదా.

మనవాళ్ళు రాతలో బాగానే నెగ్గుతారు. ఎస్‌ఎస్‌బీలోనే తడబడతారు. ఆ అయిదు రోజుల్లో మొదటిరోజు ఏం జరుగుతుందో చెప్తాను. తెరమీద మసకమసకగా ఉన్న ఒక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు. దాని మీద నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. తర్వాత గుంపులో కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పి, అందరూ కలిసి ఒక్క కథకి రావాలి. కోచింగ్‌లో నేర్పిన కథ ఒకటి ఉంటుంది, ఊళ్ళో యువకుడు రక్తదాన శిబిరం పెడతాడు. బొమ్మలో పడవ ఉన్నా అదే కథ, పొలం ఉన్నా అదే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆ కథ ఎన్ని వందలసార్లు విని ఉంటారో ఊహించుకోండి. చాలామంది ఆ రోజే రైలెక్కుతారు. ఇక్కడ కావలసింది నలుగురిలో కలిసి పనిచేయడం, తోచింది సూటిగా ఇంగ్లిష్‌లో చెప్పగలగడం. తెలుగు మీడియం నుంచి వచ్చి కమిషన్ సాధించినవాళ్ళు ఉన్నారు. తప్పుల్లేని ఇంగ్లిష్ ఎవరూ అడగరు, గొంతు పెగలాలి అంతే. రెండేళ్ళు గదిలో నోరు మూసుకుని మెటీరియల్ చదివిన పిల్లవాడికి అదే కష్టం. కాలేజీలో గ్రౌండ్ లేకపోతే ఆదివారం సాయంత్రం ఊళ్ళో కబడ్డీయో వాలీబాలో ఆడండి. ఇంట్లో బాధ్యతలు నెత్తిన వేసుకోండి. ఎస్‌ఎస్‌బీకి దానికి మించిన తయారీ నాకు తెలియదు.

సూర్యాపేటకి చెందిన కల్నల్ సంతోష్‌బాబు ఆరో తరగతిలో కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరి, అక్కడి నుంచి ఎన్‌డీఏకి వెళ్ళారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చారు, మహావీర చక్ర వచ్చింది. ఇక సిపాయి దారికి పేరుమోసిన ఊరు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళడంతో జనం దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి సెలవు దొరకకపోవడం, పండక్కి ఇంటికి రాలేకపోవడం, పోస్టింగ్‌లు, ఇవన్నీ చిన్నప్పటి నుంచే తెలుసు. మిగతావాళ్ళు ఒక్క పని చేయాలి. సర్వీసులో ఉన్నవాళ్ళనో రిటైరైనవాళ్ళనో పట్టుకుని, వీరగాథలు కాకుండా మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో అడగాలి. పొద్దున్నే లేవడం, చెప్పింది చేయడం, మళ్ళీ చేయమంటే మళ్ళీ చేయడం. అది వింటూ కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు ముందుకెళ్ళండి.

ఆడపిల్లలకి 2022 నుంచి ఎన్‌డీఏ తలుపు తెరుచుకుంది, తొలి బ్యాచ్‌లో 19 మంది చేరారు. అగ్నివీర్‌లోనూ మిలిటరీ పోలీస్ విభాగం ఉంది. భువనగిరిలో తెలంగాణ గురుకులాల సంస్థ అమ్మాయిల కోసం ప్రత్యేకంగా సైనిక సన్నాహక డిగ్రీ కాలేజీయే పెట్టింది. ‘ఆడపిల్లకెందుకు’ అనే ఇళ్ళలో ఈ మాట చెవిన వేయండి.

ర్యాలీ దారే అనుకున్నవాళ్ళకి కొన్ని కటువైన మాటలు. ఇప్పుడు ఆన్‌లైన్ రాతపరీక్ష ముందు, గ్రౌండ్ తర్వాత. 1.6 కిలోమీటర్ల పరుగు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకి 82 సెకన్లు. మొదటి రౌండ్ ఉత్సాహంలో 70 సెకన్లలో కొట్టి మూడో రౌండ్‌లో చతికిలబడేవాళ్ళే ఎక్కువ. పది బీమ్‌లు (పుల్-అప్స్) తీస్తే ఇంకో 40 మార్కులు. అకాడమీకి ఫీజు కట్టేముందు ఒక మంచి డాక్టర్ దగ్గర కళ్ళు, చెవులు, మోకాళ్ళు, పాదాలు చూపించుకోండి. ఏడాది పరుగెత్తాక మెడికల్‌లో మోకాళ్ళు తగులుతున్నాయని పంపేస్తే ఆ డబ్బూ కాలమూ తిరిగిరావు. టాటూ ముంజేయి లోపలివైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడున్నా చిక్కే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ అకాడమీ చేతిలోనూ పెట్టకండి. ‘లోపల మనవాళ్ళున్నారు’ అనేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంకో సంగతి. కొవిడ్ రోజుల్లో ర్యాలీల్లో గ్రౌండ్, మెడికల్ రెండూ పాసై రాతపరీక్ష కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళు చాలామంది. అగ్నిపథ్ రాగానే ఆ ప్రక్రియంతా రద్దయింది. దాంతో నిరసనలు చెలరేగి 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో మంటలు లేచాయి, కాల్పుల్లో ఒక యువకుడు పోయాడు, పట్టాల మీదికి వెళ్ళిన ఎందరో కేసుల్లో ఇరుక్కున్నారు. పోలీస్ వెరిఫికేషన్‌లో కేసు కనిపిస్తే సైన్యం దారి అక్కడితో మూసుకుపోతుంది. వాళ్ళ కోపం న్యాయమైనదే అని నేను ఇప్పటికీ అంటాను. ప్రభుత్వ విధానం రాత్రికి రాత్రి మారుతుంది కాబట్టి ఇంటర్ పూర్తిచేయకుండా గ్రౌండ్‌నే నమ్ముకోవద్దని కూడా అంటాను.

పదహారేళ్ళ పిల్లవాడు నన్నడిగితే ఈ వరస చెప్తాను. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, వీలైతే ఎంపీసీ. రెండో ఏడాదిలో మొదటి ఎన్‌డీఏ. పందొమ్మిదిన్నర దాటేలోపు వయసు అనుమతించినన్ని సార్లు రాయాలి, ఎస్‌ఎస్‌బీలో ఒకసారి పోయినా మళ్ళీ వెళ్ళొచ్చు. ఈలోగా ఇంటి పరిస్థితి ఆగనివ్వకపోతే అగ్నివీర్, చేరిన రోజు నుంచే బయటికొచ్చాక రాయబోయే పరీక్ష పుస్తకం పెట్టెలో ఉండాలి. ఆగగలిగితే డిగ్రీలో చేరాలి. డిగ్రీవాళ్ళు రాసే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ పరీక్షల దారులు అప్పుడు తెరుచుకుంటాయి. ఎన్‌సీసీలో సీ సర్టిఫికెట్ బీ గ్రేడుతో ఉండి, డిగ్రీలో 50 శాతం వస్తే ఆర్మీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్షే లేదు. అందుకని డిగ్రీ కాలేజీలో అడుగుపెట్టిన వారంలోనే ఎన్‌సీసీ ఆఫీసర్ ఎవరో కనుక్కుని వెళ్ళి కలవండి.