దూరదర్శినికి తోడుగా ఏ గ్రంథము?

పిల్లలకు దూరదర్శినిని కొనియిచ్చు తల్లిదండ్రులు నేడు పలువురు కలరు. చంద్రుని చూచుటకు గ్రంథమక్కరలేదు. కాని సౌరకుటుంబమునకు వెలుపలనున్న తారాగుచ్ఛములను, నీహారికలను, గెలాక్సీలను వెదకుటకు మార్గదర్శి కావలెను. దానిని ఎన్నుకొనుటలో గమనింపదగిన కొన్ని విషయములను మేమిచట మనవి చేయుచున్నాము.

మొదటిది చిత్రముల సంగతి. గ్రంథములలోని రంగురంగుల ఛాయాచిత్రములు, కెమేరా చిరకాలము వెలుగును కూడబెట్టగా ఏర్పడినవి. మన కంటికట్టి శక్తి లేదు. మందమైన వెలుగులో రంగులును తెలియవు. కావున దేవయాని గెలాక్సీ చిన్న దూరదర్శినిలో బూడిదవన్నె మరకవలె కన్పట్టును. ఛాయాచిత్రములనే చూచిన బాలుడు తన పరికరమే చెడ్డదని తలచి దానిని అటకయెక్కించును. కంటికి కన్పడునట్లు గీసిన చిత్రములున్న పుస్తకమే మేలు. గై కన్సల్‌మాగ్నో, డాన్ డేవిస్ రచింపగా 1989లో వెలువడిన ‘టర్న్ లెఫ్ట్ ఎట్ ఓరియన్’ అను ఆంగ్లగ్రంథము అట్టిది.

రెండవది పరిమాణము. మెస్సియే 1781లో ముగించిన పట్టికలో 103 వస్తువులుండగా, నేడు 110 లెక్కింపబడుచున్నవి. డ్రేయర్ 1888లో ప్రకటించిన పట్టికలో 7,840 కలవు. ప్రారంభకునకు మొదటిదే చాలును. 1978లో 3 సంపుటములుగా వెలువడిన బర్నమ్ గ్రంథము గొప్ప నిధియే. కాని 2,000 పుటలకు మించిన ఆ గ్రంథము తొలిమెట్టు కాజాలదు.

మూడవది మన యునికి. యూరపు, ఉత్తర అమెరికా వాసులకై వ్రాసిన గ్రంథములు దక్షిణాకాశమును ఉపేక్షించుట కలదు. ఒమేగా సెంటారి యను మహాతారాగుచ్ఛము లండనులో ఉదయింపనే ఉదయింపదు. చెన్నపురిలోనో, అది దక్షిణమున సుమారు 30 డిగ్రీల యెత్తునకు వచ్చును. వైశాఖ జ్యేష్ఠముల రాత్రులందు చూడవచ్చును. అది లేని పుస్తకము మన పిల్లలకు సగము ఆకాశమును మూసివేసినట్లే. కొనుటకు ముందు విషయసూచికలో దాని పేరు వెదకుడు.

కడపట నొక మాట. ఆంగ్లగ్రంథములలో ‘ప్లీయడీస్’ అనునది మన కృత్తికయే. పల్లెలలో పిల్లలకోడి యందురు. అట్టి పేర్లను పుటల అంచున తెలుగులో వ్రాయింపుడు. అప్పుడు ఆంగ్లమెరుగని అమ్మమ్మయు మనుమని ప్రక్కన నిలిచి, తానెరిగిన చుక్కను తానే చూపగలదు.