పేరు చెప్పే యంత్రం: మాస్ స్పెక్ట్రమ్ ఫలితాలను కంప్యూటరులో చదువుకొనే విధము

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థిని)



సావనీరుకు కథో, కవితో ఇమ్మని మన యూనియన్ వారు అడిగారు. అవి రెండూ నాకు చేతకావు. ప్రాజెక్టు పని మీద ఈ ఏడు నాలుగు నెలలు మాస్ స్పెక్ట్రోమీటరు గదిలో కూర్చున్నాను. అక్కడ ఒక పెద్ద పొరపాటు చేశాను. ఆ పొరపాటు ఎట్లా జరిగిందో, కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఏమేమి చూసుకొంటే జరిగేది కాదో వ్రాస్తున్నాను. వచ్చే సంవత్సరం ఆ కుర్చీలో కూర్చోబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికివస్తుందని ఆశ. రసాయనశాస్త్రం చదవనివారు కూడ మొదటి పేరా ఓపికగా చదివితే మిగతాది అర్థమవుతుంది.

మా గదిలో ఉన్నది గ్యాస్ క్రోమటోగ్రాఫు, దానికి తగిలించిన మాస్ స్పెక్ట్రోమీటరు. నమూనాను ఆవిరి చేసి ముప్ఫై మీటర్ల పొడవున్న, వెంట్రుకంత సన్నని రంధ్రం గల గొట్టంలోకి పంపుతాం. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క సమయంలో బయటికి వస్తుంది. వచ్చినదానిని 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లతో కొడితే అణువు అయాన్‌గా మారి ముక్కలవుతుంది. ఆ ముక్కల ద్రవ్యరాశిని యంత్రం కొలిచి, ఏ బరువు ముక్కలు ఎన్ని వచ్చాయో నిలువు గీతల పటంగా చూపిస్తుంది. జె.జె. థామ్సన్ 1913లో నియాన్ వాయువులో 20, 22 అనే రెండు బరువులు చూసింది ఈ దారిలోనే. ఆయన శిష్యుడు ఆస్టన్ 1919లో ఇంకా మంచి పరికరం కట్టి, క్లోరిన్ అంటే 35, 37 బరువుల మిశ్రమమని తేల్చాడు. 1922లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ 35, 37 సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత దానితో పని ఉంది.

ఇక నా కథ. మాది మిరప చేను. చెరువు పక్కన రెండెకరాలు, డొంక అవతల ఎకరం చెక్క. మందు అవశేషాలు లేని కాయ అయితే యార్డు ధర మీద కొంత ఎక్కువ ఇస్తానని ఒక కొనుగోలుదారు ఈ ఏడు మా ఊరు వచ్చి చెప్పాడు. నాన్న చెరువు పక్క చేనుకు వేపనూనె కొట్టి, తామరపురుగుకు నీలం జిగురు అట్టలు కట్టి, పడరాని పాట్లు పడి పెంచాడు. నేను కళ్ళం మీద నుంచి కాయలు తెచ్చి, పొడి చేసి, అసిటోనైట్రైలుతో సారం తీసి, శుభ్రపరచి యంత్రంలో పెట్టాను. పురుగుమందుల కోసమే కదా చూస్తున్నాం అని కంప్యూటరులో పురుగుమందుల లైబ్రరీ ఒక్కదానినే ఎంచుకొన్నాను. ఒక చిన్న పీకు మీద నొక్కగానే తెర మీద మొదటి పేరు వచ్చింది: క్లోరిపైరిఫాస్. పోలిక సంఖ్య 712.

ఆ రాత్రే ఇంటికి ఫోను చేశాను. "నేను కొట్టలా అమ్మా" అన్నాడు నాన్న. "మిషన్ అబద్ధం చెప్పదు నాన్నా" అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "అట్లాగా, సరేలే" అని పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ కొనుగోలుదారు దగ్గరికి తానే వెళ్ళి, మా కాయలో ఏదో ఉందంట, మా అమ్మాయి పరీక్ష చేసింది, మీరు వేరే చోట చూసుకోండి అని చెప్పి వచ్చాడట. తన చేతులతో పెంచిన పంట విషయంలో తన మాట కంటె నా మాటకు ఎక్కువ విలువ ఇచ్చాడు.

ఆ పేరు తప్పు. తెలిసింది నాలుగు రోజుల తరువాత.

అదే గదిలో పనిచేసే రీసెర్చి అక్క నా తెర చూసి ఒక్కటే ప్రశ్న వేసింది: "క్లోరిన్ ఎక్కడుందే?" నాకు అర్థం కాలేదు. క్లోరిపైరిఫాస్ అణువులో మూడు క్లోరిన్లు ఉంటాయి. దాని పటంలో 197 దగ్గర ఒక ముఖ్యమైన ముక్క ఉంటుంది, అందులో మూడు క్లోరిన్లూ మిగిలే ఉంటాయి. ప్రకృతిలో 35 బరువు క్లోరిన్ మూడు వంతులు, 37 బరువుది ఒక వంతు. మూడు క్లోరిన్లు కలిసినప్పుడు లెక్క వేస్తే 197, 199 గీతలు దాదాపు సమానమైన ఎత్తులో రావాలి, 201 దగ్గర వాటిలో మూడో వంతు గీత రావాలి. అణువు బరువు 349. ఒక క్లోరిన్ ఊడిపోతే 314. అక్కడ రెండే క్లోరిన్లు మిగులుతాయి గనుక 314, 316, 318 గీతలు ఇంచుమించు 9:6:1 పాళ్ళలో ఉండాలి. ఇది కాగితం మీద రెండు నిమిషాల్లో వేసుకొనే లెక్క. నా పటంలో 197, 199 జంట లేదు. 314 అసలే లేదు. ఉన్నదల్లా 97 దగ్గర పెద్ద గీత. అది క్లోరిపైరిఫాస్‌లోనూ ఉంటుంది, అందుకే కంప్యూటరు ఆ పేరు పట్టుకొంది. నా పటంలో 97కు అటూ ఇటూ 55, 69, 83, 111 కూడ ఉన్నాయి. 14 చొప్పున మెట్లు. ఒక కార్బను, రెండు హైడ్రోజన్లు కలిస్తే 14. పొడుగాటి కార్బను గొలుసు గల మైనంలాంటి పదార్థాలకు ఈ మెట్లు ఉంటాయి. మిరపకాయ పైతొక్క నిగనిగలాడేది మైనంతోనే గదా! పెద్ద లైబ్రరీతో మళ్ళీ వెతికితే పై వరుసలన్నీ ఆ జాతి పేర్లే వచ్చాయి.

తప్పు కంప్యూటరుది కాదు. పురుగుమందుల పేర్లు మాత్రమే ఉన్న పుస్తకం దాని చేతికిచ్చి ఇది ఎవరు అని అడిగితే, పురుగుమందు పేరు కాక ఇంకేమి చెబుతుంది? "తెలియదు" అనే జవాబు అందులో లేదు. ఖాళీ గీత మీద నొక్కినా ఏదో ఒక పేరు చెబుతుంది. కావున తెలియని పీకుకు ముందు నిస్ట్ వంటి పెద్ద లైబ్రరీతో వెతకాలి, చిన్న లైబ్రరీ తరువాత.

పోలిక సంఖ్య గురించి కూడ చెప్పాలి. పూర్తి పోలిక 999. 900 దాటితే చాలా మంచిది, 800 నుంచి 900 మంచిది, 700 నుంచి 800 ఫరవాలేదు, 600 లోపు పనికిరానిది అని వాడుక. నా 712 "ఫరవాలేదు" గదిలో పడింది, నేను దానిని నూటికి డెబ్బై మార్కుల్లాగా ఫస్టుక్లాసు అనుకొన్నాను! పక్కన ఇంకొక సంఖ్య ఉంటుంది, దానిని రివర్స్ మ్యాచ్ అంటారు. లైబ్రరీ పటంలో లేకుండా మన పటంలో అదనంగా ఉన్న గీతలను అది లెక్కలోకి తీసుకోదు. రెండు పదార్థాలు కలిసిపోయి వచ్చినప్పుడు అది ఉపయోగమే, కాని మిరప వంటి చిక్కటి సారంలో దానిని ఒక్కదానినే చూసి మురిసిపోరాదు. రెండు సంఖ్యల మధ్య తేడా ఎక్కువగా ఉంటే మన పటంలో వేరే సరుకు చాలా కలిసిందన్నమాట.

అక్క తరువాత అడిగింది బ్లాంకు. అనగా కాయ లేకుండా మిగతా అన్నీ చేసి పెట్టే ఉత్త నమూనా. నేను దానిని పెట్టాను గాని తెరిచి చూడలేదు. ఏముందిలే, ఖాళీయే గదా అని. తెరిస్తే అందులో పీకులు బోలెడు. 149 దగ్గర పెద్ద గీత కనిపిస్తే అది చాలావరకు ప్లాస్టిక్కు నుంచి వచ్చే థాలేటు. నేను కాయలు తెచ్చింది ప్లాస్టిక్కు సంచిలోనే! పొయ్యి వేడి పెరిగేకొద్దీ 207, 281 గీతలు లేస్తుంటే అది గొట్టం లోపలి సిలికోను పూత కరగడం. 18, 28, 32 నీరు, నైట్రోజన్, ఆక్సిజన్. ఎక్కువగా ఉంటే గాలి ఎక్కడో లోపలికి పోతున్నదని అర్థం. ఈ అంకెలు ఒక చీటీ మీద వ్రాసి తెర పక్కన అంటించుకోండి. నేను అట్లాగే చేశాను. అలాగే పొద్దున్నే ట్యూనింగు కాగితం చూడకుండా పని మొదలుపెట్టవద్దు. దానికి వాడే ద్రవం 69, 219, 502 దగ్గర గీతలు ఇవ్వాలి. త్రాసు సున్నా దగ్గర నిలవకుండా బస్తా తూచితే ఏమవుతుందో మా నాన్ననడిగితే చెబుతాడు.

పీకు మీద ఎక్కడ నొక్కాలి అన్నదాంట్లో కూడ మెలకువ ఉంది. పీకు వాలులో ఒక్కచోట నొక్కితే గీతల ఎత్తులు వంకరపోతాయి. యంత్రం తక్కువ బరువు నుంచి ఎక్కువ బరువుకు కొలిచేలోపలే పదార్థం మోతాదు మారిపోతుంటుంది మరి. కావున పీకు శిఖరానికి అటూ ఇటూ కొన్ని స్కానులు కలిపి సగటు తీసుకోవాలి. పీకు పక్కనున్న చదును భాగాన్ని తీసివేయాలి. తీసివేయమన్నాను గదా అని మరీ ఎక్కువ తీసివేస్తే అసలు గీతలే మాయమవుతాయి. ఒకసారి నేను క్యాప్సైసిన్‌కు అట్లా చేసి 305 గీతను పోగొట్టుకొన్నాను. మిరప కారానికి కారణమైన ఆ పదార్థం బరువు 305, దానిలో అన్నిటికంటె పెద్ద ముక్క 137. ఒక్క నైట్రోజన్ ఉంది గనుక అణువు బరువు బేసి సంఖ్య అయింది. నైట్రోజన్లు బేసి సంఖ్యలో ఉంటే అణువు బరువు బేసి, లేకపోయినా సరి సంఖ్యలో ఉన్నా బరువు సరి. ఇది మన పాఠ్యపుస్తకంలోని నియమమే, పరీక్షకు బట్టీపట్టి వదిలేశాం.

నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఇంకొకటి. మొత్తం గ్రాఫు బదులు మనకు కావలసిన బరువుల గ్రాఫులు మాత్రమే విడివిడిగా గీయించుకోవచ్చు. 97, 197, 199, 314 నాలుగూ ఒకదానిమీద ఒకటి గీయిస్తే, అవి ఒకే పదార్థం నుంచి వచ్చినవైతే ఒకే క్షణంలో లేచి, ఒకే క్షణంలో దిగాలి, ఒకే కాడికి కట్టిన ఎడ్లలాగా. ఒకటి ముందు, ఒకటి వెనుక నడిస్తే అవి వేరే వేరే బండ్ల ఎడ్లు. నిస్ట్ వారు ఉచితంగా ఇచ్చే ఏమ్‌డిస్ అనే ప్రోగ్రాము కలిసిపోయిన పీకులను విడదీసేది ఈ సూత్రం మీదనే.

ఎంత మంచి పోలిక వచ్చినా పటం ఒక్కటే చాలదు. జైలీన్లు మూడు రకాలు, మూడింటి పటాలూ ఒక్కలాగే ఉంటాయి. వాటిని వేరు చేసేది బయటికి వచ్చే సమయమే. అందుకని అసలైన పదార్థాన్ని అదే రోజు, అదే పద్ధతిలో పెట్టి సమయం సరిచూడాలి. ఐరోపా వారి అవశేష పరీక్షల మార్గదర్శకాల్లో సమయం తేడా 0.1 నిమిషం లోపు, రెండు అయాన్ల నిష్పత్తి తేడా 30 శాతం లోపు ఉండాలన్నారు. నా పీకు అసలు క్లోరిపైరిఫాస్‌కు దాదాపు నిమిషం దూరంలో ఉంది! పోల్చడానికి అసలు పదార్థం దొరకనివారికి రిటెన్షన్ ఇండెక్సు ఉంది. 1958లో కొవాట్స్ చెప్పిన పద్ధతి. వరుస ఆల్కేన్లను మైలురాళ్ళుగా పెట్టి మన పీకు ఏ రెండింటి మధ్య వచ్చిందో లెక్కగడతారు.

మోతాదు లెక్కగట్టేటప్పుడు అందరూ తప్పుచేసేది గీత క్రింద వైశాల్యం దగ్గర. కంప్యూటరు గీసిన అడుగు గీత నచ్చలేదని మౌసుతో లాగి సరిచేస్తాం. చేయవచ్చు, కాని ఒక నమూనాకు ఒక తీరు, ఇంకొక దానికి ఇంకొక తీరు పనికిరాదు. చేసినచోట చేశామని వ్రాసి ఉంచాలి. పోల్చే ద్రావణాలను ఉత్త సాల్వెంటులో కాక మందు పడని మిరప సారంలో కలిపి చేయాలి. మిరప సరుకు ఇంజెక్టరు గోడలకు అంటుకొని మందు అణువులు అక్కడ చిక్కుకోకుండా చేస్తుంది, అందువల్ల పీకు పెద్దదిగా కనిపిస్తుంది. ఐరోపాలో ప్రత్యేక పరిమితి లేని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క. అంత చిన్న అంకె దగ్గర ఈ తేడాలే ఒకరి పంట నిలబెట్టేవి, పడగొట్టేవి.

ముడి ఫైలును ఎప్పుడూ ముట్టుకోకుండా ఒక కాపీ విడిగా దాచండి. "టెస్ట్1", "కొత్త టెస్ట్", "ఫైనల్ టెస్ట్" అని పేర్లు పెట్టి నేను పడిన అవస్థ వేరే వ్యాసం అవుతుంది.

తప్పు తెలిసిన రోజు సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళాను. ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. నాన్న కళ్ళం మీద తాలుకాయలు ఏరుతున్నాడు. అంతా చెప్పాను, 197, 199 సంగతితో సహా. "అయితే లేనట్టేగా" అన్నాడు. అంతే. ఆ కొనుగోలుదారు అప్పటికే పక్క ఊరి కాయ కొనేశాడు. మా టిక్కీలు మామూలు ధరకే యార్డుకు వెళ్ళాయి. క్వింటాలుకు ఎంత పోయిందో నాన్న లెక్క చెప్పలేదు. నేనే వేసుకొన్నాను, ఇక్కడ వ్రాయను.

తరువాతి వారం డొంక అవతలి చెక్కలోని కాయ పెట్టాను. ఈసారి అన్నీ వరుసగా చూశాను. బ్లాంకులో లేదు. 197, 199 సమానంగా నిలబడ్డాయి, 314, 316, 318 లెక్క ప్రకారం ఉన్నాయి, నాలుగు గ్రాఫులూ కలిసి లేచాయి, సమయం సరిపోయింది, పోలిక 918. నిజమైన క్లోరిపైరిఫాస్. అక్కకు కూడ చూపించి, ఆ తరువాతనే ఇంటికి ఫోను చేశాను.

"ఆ చెక్కకి కొట్టాగదమ్మా, కాయతొలిచే పురుగు పడితే. అందుకే ఆ కాయ విడిగా పోశా. సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పా, నువ్వు రాసుకోలా?"

వ్రాసుకోలేదు. ఇప్పుడు నా నోటుపుస్తకంలో ప్రతి నమూనాకు ఫైలు పేరు పక్కన ఇంకా నాలుగు గళ్ళు ఉన్నాయి: ఏ చెక్క, ఏ మందు, కొట్టిన తేదీ, కోసిన తేదీ. ఆ నాలుగూ నాన్న ఫోనులో చెబుతుంటే నింపుతాను, యంత్రం ఆన్ చేయక ముందే.