కోళ్ల దొడ్డిలో పందికొక్కు: పంచాయతీ చేయవలసిన పని

అనంతపురము మెట్టసీమలో వాన నమ్మదగినది కాదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము కురియు ప్రాంతమిది. ఆ కొద్ది వాన అయినను వేరుశనగ ఊడలు దిగు అదనున మొగము చాటువేసినచో, రైతు పెట్టిన పెట్టుబడి నేలపాలగును. అట్టి యేట ఇంటి ఖర్చులకు చేతికందునవి గొర్రెలు, మేకలు, పెరటి కోళ్లు. ఉప్పునకు, పప్పునకు, బిడ్డల పలకా బలపములకు ఇల్లాలు ఎవరిని యాచింపకుండ ఒక కోడినో, పది గుడ్లనో అమ్మి గడుపుకొనును. భూమి లేని కుటుంబమునకు సైతము కోడి కలదు. కనుక కోళ్లకు కలుగు నష్టము చిన్న నష్టమని తలపరాదు.

నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. అందు కొన్నింటిని పొదుగవేసి, 21 దినములు కాచుకొన్నచో పిల్లలు వెలువడును. ఆ పిల్లలను గ్రద్దనుండి గంప క్రింద దాచి కాపాడుదుము. తెగుళ్లకు టీకాలు వేయింతుము. కాని రాత్రివేళ నేల క్రిందినుండి వచ్చు శత్రువును మాత్రము ఉపేక్షించుచున్నాము. ఆ శత్రువే పందికొక్కు.

పందికొక్కు స్వభావము

ఈ జంతువునకు మన తెలుగువారు పెట్టిన పేరునే ఆంగ్లేయులు ‘బాండికూట్’ అని గ్రహించిరి. పిమ్మట ఆస్ట్రేలియా ఖండమున దీనితో ఏ సంబంధము లేని వేరొక జంతువునకు సైతము ఆ పేరే పెట్టిరి. బెదరినప్పుడు పందివలె గురగురలాడుటయు, మోరతో నేలను పెల్లగించుటయు చూచి మన పెద్దలు ఆ పేరు పెట్టి యుందురు.

ఇందు రెండు జాతులు ముఖ్యమైనవి. పెద్ద పందికొక్కు ఒక కిలో వరకు తూగును. ఇండ్ల చుట్టును, పెంటదిబ్బలలోను, మురుగు కాలువల గట్లలోను ఇది నివసించును. చిన్న పందికొక్కు అంతకంటె తక్కువ బరువు గలది. చెరువు క్రింది మాగాణిలోను, ధాన్యపు కొట్లలోను కలుగులు త్రవ్వి, ధాన్యమును లోపలికి మోసికొనిపోయి దాచుకొనును. మెట్ట వేరుశనగ చేలలో వీనికి తోడు తోకచివర కుచ్చు గల పొలపు ఎలుకలు కూడ కలవు.

చిన్న పందికొక్కు చూలు మూడు వారములకు పైగా ఉండును. ఈతకు ఆరు మొదలు పది పిల్లల వరకు పుట్టుట సామాన్యము. తిండియు, చాటును దొరికినచో ఏడాది పొడవునను ఈనుచునే యుండును. ఒక జంటను విడిచిపెట్టిన ఫలితము కొన్ని నెలలలోనే వీధి యంతయు అనుభవించును.

నష్టము ఎన్ని విధములు

గుడ్లను కలుగులోనికి దొర్లించుకొనిపోవుట, కోడిపిల్లలను ఈడ్చుకొనిపోవుట అందరును ఎరిగినవే. మేతను తినుటయే గాక మలమూత్రములతో పాడుచేయుట రెండవ నష్టము. దానివలన కోళ్లకు విరేచనముల తెగులు అంటుకొనును. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన మనుష్యులకు లెప్టోస్పైరోసిస్ అను ఎలుక జ్వరము వచ్చును. మట్టిమిద్దెల గోడలు, రాతి ప్రహరీల పునాదులు గుల్లయగుట మూడవ నష్టము.

అన్నింటిని మించినది నాలుగవది. చీమల పుట్టలో పాము చేరినట్లు, పందికొక్కు కలుగులో నాగుపాము చేరును. ఎలుకల కొఱకు వచ్చిన పాము గూటిలోనికి సాగును. తెల్లవారుజామున గుడ్ల కొఱకు చీకటి గూటిలో చేయిపెట్టు ఇల్లాలి ప్రాణమునకే ముప్పు. కనుక గూటి ప్రక్కనున్న కలుగు కోళ్లకు సంబంధించిన విషయము మాత్రమే కాదు.

అమెరికాలో ‘గ్రౌండ్‌హాగ్’ అను జంతువు కలదు. ఆ పేరునకు ‘నేలపంది’ అని అర్థము. ఉడుత జాతికి చెందిన ఈ జంతువు ఆకులలములు తినును. చలికాలమంతయు కలుగులో నిద్రించును. అది సాధారణముగా కోళ్ల జోలికి పోదు. అయినను అక్కడి కోళ్ల పెంపకందారులు దానిని ఉపేక్షింపరు. అది త్రవ్విన కలుగులు ఇతర వేటజంతువులకు కోళ్లగూటి క్రిందికి దారియగునని వారెరుగుదురు. కావున వారు గూటి చుట్టును కందకము త్రవ్వి ఇనుపవలను పాతిపెట్టుదురు. జంతువు ఏదైనను పాఠము ఒక్కటే: జంతువును తరుముటకంటె ముందు దాని దారిని మూయవలెను.

దొంగను గుర్తించుట

గుడ్డు పోయిన ప్రతిసారియు పందికొక్కును నిందింపరాదు. గుడ్డు పెంకైనను మిగులక మాయమైనచో పాము మ్రింగి యుండవచ్చును. ఒకే రాత్రి అనేక కోళ్లు మెడపై గాట్లతో చచ్చిపడియున్నచో ముంగిసనో, బావురుపిల్లినో అనుమానింపవలెను. గూటి అంచున క్రొత్తగా త్రవ్విన మట్టికుప్ప, కలుగు నోట గుడ్డు పెంకులు, సగము తిన్న పిల్ల, గోడవెంట నల్లని లావైన పెంటికలు ఉన్నచో అది పందికొక్కు పనియే.

సాయంకాలము కలుగులన్నింటిని మట్టితో మూసి, మరునాటి ఉదయము చూడవలెను. తిరిగి తెరచుకొన్నవి మాత్రమే జంతువు వసించు కలుగులు. ఖర్చు లేని ఈ పరీక్ష చేయనిదే ఏ ప్రయత్నమును ప్రారంభింపరాదు.

మొదటి పని: గూడును బాగుచేయుట

మన జిల్లాలోని తాడిపత్రి బండలు ఇందులకు మిక్కిలి ఉపకరించును. గూటి నేలపై బండలు పరచి, సందులను సిమెంటుతో పూడ్చినచో క్రిందినుండి త్రవ్వుకొని వచ్చుట సాధ్యము కాదు. పగిలిన ముక్కబండలైనను చాలును. బండలు వేయలేనివారు గూటి చుట్టును రెండడుగుల లోతున కందకము త్రవ్వి, అరంగుళము కన్నుగల గట్టి ఇనుపవలను నిలువుగా దింపి, అడుగున వెలుపలి వైపునకు ఒక అడుగు మడిచి మట్టి కప్పవలెను. త్రవ్వుకొని వచ్చిన జంతువునకు వల అడ్డుపడి, అది వెనుదిరుగును. పెద్ద కన్నుల కోళ్లవల ఇందుకు పనికిరాదు. దానినుండి ఎలుక పిల్లలు సులభముగా దూరును.

రాతి కూసములపై రెండు మూడడుగుల ఎత్తున గూడు కట్టుట మరియొక పద్ధతి. కూసములకు నడుమ రేకును గరాటు ఆకారమున బోర్లించి బిగించినచో ఎలుక ఎగబ్రాకలేదు. తలుపు క్రింద వ్రేలు పట్టునంత సందును విడువరాదు. సంధ్యవేళ కోళ్లన్నియు చేరిన పిదప తలుపు బిగించుటయు, గుడ్లను ఏ పూటకాపూట తీయుటయు అలవాటు కావలెను.

రెండవ పని: తిండి, చాటు లేకుండ చేయుట

రాత్రి మిగిలిన మేతను గూటిలో ఉంచరాదు. నూకలు, తవుడు మూతగల రేకుడబ్బాలో నిలువచేయవలెను. వేరుశనగ కాయల బస్తాలను నేలపై గాక, గోడకు ఒక అడుగు ఎడముగా బండలపై పేర్చవలెను. వేరుశనగ కట్టె వాములను ఎత్తైన రాతి అరుగులపై వేసి, గూటికి దూరముగా నుంచవలెను. గూటి చుట్టును పది అడుగుల మేర కంప, రాళ్లగుట్టలు, పెంట లేకుండ చదునుచేసినచో పందికొక్కు బయలున తిరుగుటకు జంకును. తిండి, చాటు రెండును లేని చోట అది నిలువదు.

మూడవ పని: బోను

గూటి పరిసరములలో విషముకంటె బోను మేలు. అయితే ఎలుకజాతికి క్రొత్త వస్తువన్న అనుమానము హెచ్చు. రెండు మూడు రాత్రులు బోను తలుపు మూసికొనకుండ కట్టి, వేయించిన వేరుశనగ పప్పునో, నూనె పూసిన రొట్టె ముక్కనో లోపల ఉంచవలెను. తినుటకు అలవాటుపడిన పిమ్మట బోనును సిద్ధము చేయవలెను. గోడవెంట, కలుగునకు ఎదురుగా ఉంచుట మంచిది. పట్టినదానిని వట్టి చేతులతో తాకరాదు.

నెల్లూరు ప్రాంతమున యానాదులు కుండలో గడ్డి రగిల్చి, కలుగులోనికి పొగ ఊది ఎలుకలను పట్టుటలో తరతరముల నేర్పు గలవారు. గోదావరి డెల్టాలో బుట్టలు అమర్చి ఎలుకలను పట్టు పనివారు కలరు. ఇట్టి నేర్పరులు దొరకిన చోట వారికి తగిన కూలి ఇచ్చి నియమించుకొనుట పంచాయతీకి లాభకరము.

విషము విషయమున జాగ్రత్త

ఎలుకలకు వెరచి ఇల్లు తగులబెట్టుకొనరాదని మనకు సామెత కలదు. కోళ్లు తిరుగు దొడ్డిలో విషపు ఎర చల్లుట అట్టి పనియే. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి విషవాయువగును. దానికి విరుగుడు లేదు. ఎర మెతుకు ఏరుకొన్న కోడియు, పసిబిడ్డయు ప్రమాదమునకు గురియగుదురు. అంగడిలో దొరకు పచ్చభాస్వరపు ముద్ద అంతకంటె భయంకరమైనది. దానిని ఇంట చేర్చనేరాదు. అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్లలను నిపుణుల పర్యవేక్షణలో తప్ప వాడరాదని ప్రభుత్వ నిబంధన కలదు.

పొలము గట్లపై వాడుటకు బ్రోమాడియోలోన్ అను మందును వ్యవసాయ శాఖ సూచించుచున్నది. నూరు పాళ్ల ఎరలో 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు 0.25 శాతపు మందుపొడి ఉండవలెను. వ్యవసాయ సిబ్బంది ఎదుట, చేతి తొడుగులు ధరించి, వంటపాత్రలు కాని వేరు పాత్రలో కలుపవలెను. 15 గ్రాముల పొట్లములు కట్టి, ఎలుక వసించు ఒక్కొక్క కలుగులోనికి లోతుగా ఒక్కొక్క పొట్లమును త్రోసి, నోటిని తేలికగా మూయవలెను. ఈ మందు వెంటనే చంపదు. కొన్ని దినముల పిదప లోపలి రక్తస్రావమువలన ఎలుక మరణించును. కనుక రెండు వారములు కోళ్లను ఆ గట్ల వైపు విడువరాదు. ప్రతి ఉదయము చచ్చిన ఎలుకలను పట్టకారుతో ఏరి, రెండడుగుల లోతున పూడ్చవలెను. లేనిచో వానిని తిన్న కుక్క, పిల్లి, గుడ్లగూబ కూడ చచ్చును. పొరపాటున ఎవరైనను ఈ మందును మ్రింగినచో పొట్లముతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. దీనికి విరుగుడుగా కె1 విటమిన్‌ను వైద్యులిత్తురు.

పంచాయతీ పాత్ర

ఒక ఇంటివారు మాత్రమే గూడు బాగుచేసికొన్నచో పందికొక్కు పొరుగింటికి పోవును. పొరుగింట విషము పెట్టినచో ఈ యింటి కోడి చచ్చును. ఇదియే ఈ పాఠమున ముఖ్యాంశము: పందికొక్కు నివారణ ఇంటిపని కాదు, ఊరిపని. 73వ రాజ్యాంగ సవరణ ననుసరించి చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో పశుపోషణతోపాటు కోళ్ల పెంపకము, ఆరోగ్య పారిశుధ్యములు కూడ కలవు. కనుక ఇది సభ్యుల బాధ్యతయే.

ఏరువాకకు ముందు వేసవి మాసములే ఇందుకు తగిన అదను. అప్పుడు చేలలో పైరులేదు; ఎలుకల సంఖ్య తక్కువ; అవి ఊరి చుట్టును, గట్లలోను చేరియుండును. గ్రామసభలో తేదీ నిర్ణయించి, దండోరా వేయించవలెను. మొదటి సాయంకాలము ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని కలుగులను లెక్కించి మూయింపవలెను. రెండవ ఉదయము తెరచుకొన్నవానిని లెక్కవ్రాయవలెను. ఊరిలోని వానికి బోనులు, పొలములోని వానికి ఎర ఒకే దినమున పెట్టింపవలెను. పదునైదు దినముల పిమ్మట మరల మూసి చూచి, మిగిలినవానికి రెండవ విడత నడపవలెను. పదిండ్లకొక బోను చొప్పున పంచాయతీ కొనియుంచి, వంతులవారీగా ఇచ్చుట మంచిది. బీద కుటుంబముల గూళ్లకు బండలు సమకూర్చుట ఈ పనిలో మొదటి ఖర్చు కావలెను. విషము కొనుట చివరి ఖర్చు కావలెను.

మనకు వేతనము లేని కావలివారు కూడ కలరు. ఒక గుడ్లగూబల జంట పిల్లలను పెంచునప్పుడు రాత్రికి అనేక ఎలుకలను వేటాడును. దానిని అపశకునమని తరుమరాదు. జెర్రిపోతు ఎలుకల కలుగులలోనే దూరి వేటాడును. జెర్రిపోతునకు, నాగుపామునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. గూటిలో పాము కనబడినచో చంపబోక, ఎడముగా నిలిచి, పాములు పట్టుట తెలిసినవారిని పిలువవలెను. కరచినచో నాటుమందులకై కాలము వృథాచేయక ఆసుపత్రికి చేర్చవలెను.

వాన మన చేతిలో లేదు. గూటి క్రింద బండ వేయుట మన చేతిలోని పని. రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, తేదీ నిర్ణయించుకొని లేచినచో, ఆ సభ ఊరిలోని ప్రతి ఇల్లాలికిని ఉపకరించిన సభ యగును.

చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ వార్డులో కోళ్లు పెంచు కుటుంబములెన్ని? వారిలో నేల గూళ్లు గలవారెందరు?

2. కలుగులను మూసి చూచు పరీక్ష మీ ఊరిలో ఎప్పుడు చేయగలరు?

3. ఊరి నడుమనున్న పెంటదిబ్బలను, కట్టె వాములను ఎచ్చటికి మార్చవచ్చును?

4. ఎర పెట్టు దినములలో కోళ్లను, పసిబిడ్డలను దూరముగా ఉంచు బాధ్యత ఎవరిది?

5. మీ ఊరికి సమీపమున పాముకాటు మందు లభించు ఆసుపత్రి ఏది? రాత్రివేళ అచ్చటికి చేరు దారి ఏది?