తలకోన జలధార

తిరుమల కొండలలో నీరు పైనుండి దూకు చోటులకు మన పెద్దలు తీర్థములని పేరు పెట్టిరి. ఆకాశగంగ, పాపవినాశనము, కుమారధార, తుంబురు తీర్థము, కొండ దిగువనున్న కపిలతీర్థము మున్నగునవి యన్నియు నట్టివే. ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురు తీర్థ ముక్కోటి జరుగును. ఆనాడు వేలకొలది జనులు పాపవినాశనమునుండి అడవిబాట పట్టి, బండలెక్కి, వాగులు దాటి ఆ కోనకు చేరుదురు. తరిగొండ వెంగమాంబ అచ్చటి గుహలో ఏండ్ల తరబడి తపస్సు చేసినదని చెప్పుదురు. కార్తీక పూర్ణిమనాడు కపిలతీర్థమున ధార క్రింద నిలువ తావు చాలదు. వేసవిలో అచ్చటికే పోయి చూచినచో ఎండిన బండ మాత్రము కానవచ్చును.

పాపవినాశనమునకు నేడు ఆనకట్ట కలదు. తిరుమలకు దినదినము వచ్చు అశేష జనుల దాహము తీర్చు జలాశయములలో అది యొకటి. యాత్రికులు స్నానమాడు ధారలు ఆ జలాశయపు నీటితో వచ్చునవే. ఇందులకు చింతింప బనిలేదు. దాహము తీర్చుటయు తీర్థము చేయదగిన పనియే గదా! కాని, కట్టయు గొట్టమును లేని ధారను చూడగోరువారు తలకోనకు పోవలెను.

తలకోన శేషాచలపు కొండల వరుసలోనిదే. తిరుపతినుండి భాకరాపేట, నెరబైలు మీదుగా అచ్చటికి దారి కలదు. ఎర్రావారిపాలెము మండలములోని ఈ కోన పూర్వము చిత్తూరు జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడిన పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. చుట్టునున్న అడవి 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనములోనిది. ఇచ్చట నీరు 270 అడుగుల ఎత్తునుండి పడును. ఆంధ్రప్రదేశమునందలి జలపాతములలో ఇదియే మిక్కిలి ఎత్తయినదని ప్రసిద్ధి.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట, నేనింకను ఉపాధ్యాయుడుగా నున్న కాలమున, ఎనిమిదవ తరగతి బాలురను ఇరువదిమందిని వెంటబెట్టుకొని కార్తీక మాసములో తలకోనకు పోయితిని. సిద్ధేశ్వరస్వామి ఆలయమున దర్శనము చేసికొని కాలిబాట పట్టితిమి. ఆ బాటలో గిల్లతీగ కలదు. తొడంత లావున, పాము వలె మెలికలు తిరిగి, ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు ప్రాకిపోయి యుండును. దాని కాయ మూరెడు పొడవునకు మించును. లోపలి గింజ రూపాయి బిళ్ళకంటె పెద్దది. పిల్లలు రాలిన గింజలకై వెదకుచు నిలిచిపోవుటచేత మాకు చాల ప్రొద్దుపోయెను. నడచుచుండగనే చెవులకు హోరు వినవచ్చెను. మరియొక మలుపు తిరుగగనే ధార కనబడెను.

ఆ క్షణమున ఇరువదిమందిలో ఒక్కడును మాటలాడలేదు. తరగతిలో నేనెన్నడును సాధింపలేకపోయిన నిశ్శబ్దమది! నిటారుగా నిలిచిన కొండ చరియ. దానిపై అంచునుండి తెల్లని వస్త్రమువలె జారుచున్న నీరు. సగము దూరము వచ్చునప్పటికి అది తుంపరలై గాలికి ప్రక్కకు కొట్టుకొనిపోవుచుండెను. క్రింది మడుగులోని నీరు అడుగునున్న గులకరాళ్ళు లెక్కపెట్టదగినంత తేటగా నుండెను.

ఆ తేటదనమునకు కారణము కలదు. ఈ కొండల పైభాగము క్వార్ట్‌జైట్ అను మిక్కిలి గట్టి శిల. ఆ శిలలో నిలువుగను అడ్డముగను చీలికలు పెక్కు గలవు. కొండపై కురిసిన వాన అడవినేలలో ఇంకి, ఆ చీలికల వెంట మెల్లమెల్లగా దిగి, వానలు వెలిసిన పిదప కూడ కొన్ని నెలలు ఊరుచుండును. అట్లు రాతిలో వడియగట్టబడిన నీటిలో మన్ను ఉండదు. ఈ సంగతిని మనసున నుంచుకొనుడు; దీనితో ముందు పని యున్నది.

మడుగు ప్రక్కనున్న వెడల్పయిన బండపై కూర్చుండి పులిహోర పొట్లములు విప్పితిమి. ధార ఎత్తెంతయో ఊహించి చెప్పుడని నేనడిగితిని. ఒకడు నూరడుగులనెను. మరియొకడు ఐదువందలకు తక్కువ కాదనెను. వేరొకడు మన బడి జెండాకొయ్యలు ఇరువది నిలిపినను అందదనెను. నేను 270 అడుగులని చెప్పగా, చివర కూర్చున్న బాలుడొకడు, "అయ్యా, ఎవరు కొలిచిరి? తాడు పట్టుకొని పైకెక్కిరా?" అని యడిగెను. తలకోనను కొలిచినదెవరో నేనెరుగను. కాని, అంతకంటె పెద్ద జలపాతమును తాడుతో కొలిచినవాని కథ నాకు తెలియును. దానినే చెప్ప మొదలిడితిని.

ఆఫ్రికా ఖండమున జాంబెజి యను మహానది కలదు. నేటి జాంబియా, జింబాబ్వే దేశముల సరిహద్దున అది 1,708 మీటర్ల వెడల్పుతో, 108 మీటర్ల లోతుగల ఇరుకైన అగడ్తలోనికి ఒక్కపెట్టున దూకును. క్రిందపడిన నీరు తుంపరయై తిరిగి ఆకాశమునకు లేచును. ఎదుటి గట్టున నిలిచి చూచువారిపై ఆ తుంపర వానవలె కురియును. అందుచేత ఆ గట్టున ఏడాది పొడవున పచ్చని చెట్లు పెరుగును. అచ్చటి ప్రజలు దానిని మోసి-ఓవా-తున్యా యందురు. ఉరుమువలె గర్జించు పొగ యని దాని యర్థము.

స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ లివింగ్‌స్టన్ అను మతబోధకుడు 1855 నవంబరు 16వ తేదీన దానిని చూచెను. మకొలొలొ జాతివారి దొరయగు సెకెలెటు అతనివెంట వచ్చెను. త్రోవ నెరిగిన పడవవారు అతనిని చిన్న దోనెలో నెక్కించుకొని, జలపాతపు అంచుననే యున్న యొక దీవికి చేర్చిరి. అది నీరు తక్కువగా నుండు కాలము గనుక సాధ్యమయ్యెను. వరద కాలమైనచో దోనె అగడ్త పాలయి యుండెడిది. అతడు దానికి తమ రాణియగు విక్టోరియా పేరు పెట్టెను. కాని, ఆ చోట మూడు తావులనుండి అచ్చటి పెద్దలు తమ దేవతలను పూజించెడివారని అతడే వ్రాసియున్నాడు. దూకు నీటిచెంత చేతులు జోడించుట మన కొండలయందే కాదు!

దీవి యంచున బోర్లపడుకొని క్రిందికి చూచి, లోతు నూరడుగులు, వెడల్పు మూడువేల అడుగులని అతడు ఊహించెను. రెండును తప్పే. పొగలో అడుగు కనబడలేదు; ప్రక్కన పోల్చి చూచుటకు చెట్టుగాని మనుష్యుడుగాని లేడు. 1860లో అతడు మరల వచ్చి, ఈసారి తాటికి తుపాకి గుండ్లను కట్టి, గుర్తుకై తెల్లని గుడ్డపేలికను జోడించి జారవిడిచెను. 310 అడుగుల త్రాడు పోయిన పిదప గుండు ఒక రాతి అంచున ఆగెను. నీరింకను ఏబది యడుగుల దిగువన నుండెను. తన తొలి లెక్క తప్పని అతడే ప్రకటించెను. మొదటిసారి వచ్చినప్పుడు ఆ దీవిలో అతడు నాటిన పండ్ల గింజలు, కాఫీ గింజలు ఏమయ్యెనో యని చూడగా, నీటిగుఱ్ఱములు వానిని నాశనము చేసియుండెను.

లెక్కవేసి చూడుడు. ఆ మహాజలపాతపు లోతు సుమారు 354 అడుగులు. మన తలకోన దానికంటె 84 అడుగులే తక్కువ. తేడా యంతయు వెడల్పులో నున్నది.

నేనింతవరకు చెప్పియుండగా వెనుకనుండి యొక కేక వినబడెను. ఆవులు కాచుకొను వృద్ధుడొకడు పైబాటనుండి చేయి ఊపుచుండెను. "అయ్యవారూ, పిల్లకాయలను లేపండి! నీళ్ళు చూడండి, రంగు మారినాయి. కొండపైన వాన పడతా వుంది."

మా నెత్తిన ఎండ కాయుచుండెను. నేను మడుగువైపు చూచితిని. గులకరాళ్ళు కనబడుటలేదు. నీరు ఎఱ్ఱబారియుండెను. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా తేలివచ్చుచుండెను. హోరు కూడ ముందటివలె లేదు. లోతుగా, బరువుగా వినవచ్చుచుండెను. రాతిలో వడిసిన నీటికి రంగుండదని ఎరిగిన నేనే, కథ చెప్పు సంబరమున దాని నొక్కమారును చూడనైతిని. ఆనాటి తప్పు నాదే.

పిల్లలను లేపి, లెక్కపెట్టుచు పైబాటకు తరలించితిని. ఒక బాలుడు ఇంటినుండి తెచ్చిన ఇత్తడి గిన్నె బండమీద మరచితినని వెనుకకు పరుగెత్తబోయెను. వృద్ధుడు వాని చేయి పట్టుకొని, "గిన్నె పోతే ఇంకొకటి వస్తుంది నాయనా" అని వదలకుండెను. అర్ధగంట గడువకమునుపే మేము కూర్చున్న బండ కనబడకపోయెను. తెల్లని వస్త్రమువంటి ధార ఎఱ్ఱని మన్నునీటి స్తంభమై, కొమ్మలతో సహా క్రింద పడుచుండెను.

తరువాత ఆలోచింపగా నాకొక సంగతి తోచెను. జాంబెజి వేల మైళ్ళ భూమినుండి నీటిని గూర్చుకొని వచ్చును. పైదేశములలో కురిసిన వాన జలపాతమును చేరుటకు ఎంతో కాలము పట్టును. వరద ఏప్రిల్, మే నెలలలో పొంగునని అందరికి ముందుగనే తెలియును. తలకోనకు నీరిచ్చు కొండభాగము చిన్నది. అచ్చట వాన పడినచో కబురు మనకు చేరకమునుపే నీరు చేరును. కనుక చిన్న ధారయొద్దనే ఎక్కువ జాగరూకత వలయును. 2021 నవంబరులో తిరుమల కొండలపై కుంభవృష్టి కురిసినప్పుడు కపిలతీర్థము వాగై ఉరికి, ఆలయ ప్రాంగణములోని మండపమును దెబ్బతీసెను. శ్రీవారి మెట్టు నడకదారి నెలల తరబడి మూతపడెను. కొద్ది నెలల క్రిందట అదే కపిలతీర్థమున బండ ఎండియుండెను. మహానదులకును ఈ హెచ్చుతగ్గులు తప్పవు: 2019లో అనావృష్టిచేత మోసి-ఓవా-తున్యా యందు పెద్ద భాగము నీరులేక నల్లని రాయిగా కనబడెను.

మరుసటి వేసవిలో నేను తలకోనకు ఒంటరిగా పోయితిని. ధార నూలుపోగంత యుండెను. మడుగు నీరు మరల తేటపడియుండెను. మేము భుజించిన బండను గుర్తుపట్టి దానిపై నిలిచితిని. వెనుకనున్న చరియలో, నా తలకు రెండు మూరల పైన, చీలికలో ఎండుకొమ్మలును ఎఱ్ఱమన్నును ఇరుకుకొనియుండెను. నీరు ఎంతవరకు వచ్చినదో అది తెలుపుచుండెను. గిన్నె కొరకు మడుగు చుట్టును వెదకితిని. కానరాలేదు.