ఎర్ర వైన్ ఎంపిక: ప్రాంతం చెప్పేదెంత? ధర చెప్పేదెంత?

మన తెలుగు ఊళ్లలో మద్యం దుకాణానికి వాడుక పేరు 'వైన్స్'. చిత్రమేమిటంటే ఆ బోర్డు కింద అమ్ముడయ్యే సరుకులో వైన్ వాటా చాలా తక్కువ. బీరు, విస్కీ, బ్రాందీలదే రాజ్యం. ఓ మూల అరలో నాలుగైదు రకాల ఎర్ర వైన్ సీసాలు కనిపిస్తాయి. వాటి మీద ఫ్రాన్స్, ఇటలీ, చిలీ, నాసిక్ వంటి పేర్లు ఉంటాయి. ధరలు చూస్తే ఒకటి కొన్ని వందలు, పక్కనున్నది కొన్ని వేలు. రెండూ ద్రాక్షరసం పులిస్తే వచ్చినవే కదా, మరి ఇంత తేడా ఎందుకు? ఎక్కువ ధర పెడితే ఎక్కువ రుచి దొరుకుతుందా? వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం మూడూ ఈ ప్రశ్నకు తలా కొంత జవాబు చెబుతున్నాయి.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

నల్ల ద్రాక్షను కోసి చూడండి. చాలా రకాల్లో లోపలి గుజ్జుకు రంగు ఉండదు, రంగంతా తొక్కలోనే ఉంటుంది. ఆంథోసయనిన్లు అనే వర్ణక పదార్థాలే దీనికి కారణం. నేరేడు పండుకూ, వంకాయ తొక్కకూ రంగునిచ్చేవి కూడా ఈ కుటుంబంలోవే. తెల్ల వైన్‌కు రసాన్ని పిండి తొక్కను తీసేస్తారు. ఎర్ర వైన్‌కు మాత్రం తొక్క, గింజలతో పాటే పులియబెడతారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంటే, తొక్కలోని రంగు, వగరు మెల్లగా రసంలోకి దిగుతాయి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది.

వగరుకు కారణం టానిన్లు. చిక్కటి టీ డికాక్షన్ తాగినా, పచ్చి అరటికాయ కొరికినా నోరు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని వాటిని ముద్దగా చేస్తాయి. దాంతో నోటిలో జారుడుతనం తగ్గి, ఎండిపోయినట్టు తోస్తుంది. కాబట్టి వగరు నిజానికి నాలుక మీది రుచి కాదు, అది ఒక స్పర్శ.

ఆ తర్వాత చాలా ఎర్ర వైన్లలో రెండో మార్పు జరుగుతుంది. బ్యాక్టీరియా పదునైన మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాలు పెరుగుగా తోడుకున్నప్పుడు పుట్టేది కూడా ఈ లాక్టిక్ ఆమ్లమే. ఎర్ర వైన్ పులుపు తెల్ల వైన్ కంటే నెమ్మదిగా అనిపించడానికి ఇదొక కారణం.

ప్రాంతం చేసే పని

ద్రాక్ష పండే కొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఎండ ఎక్కువైన చోట ఇది వేగంగా, చల్లని చోట నిదానంగా సాగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన అమెరిన్, వింక్లర్ 1944లో దీనికో లెక్క కట్టారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీల సెల్సియస్‌కు పైనున్న భాగాన్ని కూడుతూ పోతే ఆ ప్రాంతానికి ఒక వేడి మొత్తం వస్తుంది. ఏ ద్రాక్షను ఎక్కడ నాటాలో చెప్పడానికి ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది.

కొన్ని ప్రాంతాలను చూద్దాం.

ఫ్రాన్స్‌లోని బర్గండీ చల్లని ప్రాంతం. అక్కడి ఎర్ర ద్రాక్ష పీనో న్వార్. తొక్క పలుచన కాబట్టి వైన్ లేత రంగులో, తక్కువ వగరుతో, పులుపు తేటగా తెలిసేలా ఉంటుంది. పక్కనే ఉన్న బోజొలేలో గమే ద్రాక్షతో ఇంకా తేలికైన వైన్ చేస్తారు.

ఫ్రాన్స్ పశ్చిమ తీరాన బోర్డో ఉంది. అక్కడ కబెర్నే సావిన్యోన్, మెర్లో ద్రాక్షలను కలిపి వాడతారు. కబెర్నే పండు చిన్నది, తొక్క మందం, అందుకే రంగూ వగరూ ఎక్కువ. సరిగ్గా పండని కబెర్నేలో పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. క్యాప్సికంలో ఉండే పైరజీన్ జాతి అణువే ఇందులోనూ ఉండటం దానికి కారణం.

స్పెయిన్‌లోని రియోహాలో టెంప్రనీయో ప్రధానం. అక్కడి లేబుల్ కొనేవాడికి మేలు చేస్తుంది. 'క్రియాన్సా' అంటే రెండేళ్లు, 'రిజర్వా' అంటే మూడేళ్లు, 'గ్రాన్ రిజర్వా' అంటే ఐదేళ్లు నిల్వ ఉంచిన ఎర్ర వైన్. ఈ పదాలకు అక్కడ చట్టబద్ధమైన అర్థం ఉంది. ఇవే పదాలు వేరే దేశాల సీసాలపై కనిపిస్తే అదే అర్థం ఉంటుందన్న హామీ లేదు.

అర్జెంటీనాలోని మెండోసా ఆండీస్ పర్వతాల పక్కన ఉంది. వానలు తక్కువ. మంచు కరిగిన నీటితో తోటలు పండుతాయి. ఎత్తు వల్ల రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా పడతాయి. వాటి నుంచి కాపాడుకోవడానికి ద్రాక్ష తొక్కలో వర్ణకాలు పెరుగుతాయి. ఫ్రాన్స్ నుంచి వలస వెళ్లిన మాల్బెక్ అక్కడ ముదురు ఊదారంగులో వస్తుంది.

చిలీ కథ మరీ ఆసక్తికరం. 19వ శతాబ్దంలో ఫైలోక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్షతోటల వేళ్లను తినేసింది. చివరికి అమెరికా తీగల వేరుమొక్కకు యూరప్ తీగను అంటుకట్టి తోటలను నిలబెట్టారు. అప్పుడు బోర్డోలో దాదాపు కనుమరుగైన రకాల్లో కార్మెనేర్ ఒకటి. 1994లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ మిషెల్ బుర్సికో చిలీలోని ఒక తోటలో ఆకులను, పూలను పరిశీలించి, అక్కడివారు మెర్లో అనుకుంటున్న తీగల్లో కొన్ని కార్మెనేర్ అని తేల్చారు. ఫైలోక్సెరా రాకముందే చిలీ చేరిన తీగలవి. అంటే అన్నేళ్లూ జనం లేబుల్ మీద ఒక పేరు చదివి, గ్లాసులో మరొకటి తాగారు.

ఆస్ట్రేలియాలోని షిరాజ్‌కు మన వంటింటితో చుట్టరికం ఉంది. కొన్ని షిరాజ్ వైన్లలో వచ్చే మిరియాల వాసనకు మూలం రొటండోన్ అనే అణువని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మన మిరియాల్లో ఆ ఘుమఘుమ కూడా దానిదే. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. అయితే పరీక్షలో పాల్గొన్నవారిలో సుమారు 20 శాతం మందికి మోతాదు ఎంతో పెంచినా ఆ వాసన తెలియనే లేదు. ఒకే సీసా అందరికీ ఒకేలా ఉండదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మన దేశం. ఉష్ణమండలంలో ద్రాక్షతీగ యూరప్‌లోలా శీతాకాలంలో నిద్రపోదు. అందుకే నాసిక్ రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. వేసవిలో చేసేది కొమ్మ కోసం, వానలు తగ్గాక చేసేది కాయ కోసం. పండు చలికాలంలో తయారై, జనవరి నుంచి మార్చి మధ్య కోతకు వస్తుంది. యూరప్‌లో కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. తెలుగు నేలకు దగ్గర్లో, కర్ణాటకలోని నంది కొండల పరిసరాల్లోనూ వైన్ ద్రాక్ష పండిస్తున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహి మాత్రం తినే ద్రాక్ష, ఎర్ర వైన్‌కు పనికొచ్చేది కాదు.

ధరలో ఏముంది?

ధరను మూడు పొరలుగా విడదీసి చూడాలి.

మొదటిది అసలు ఖర్చు. భూమి, కోత కూలీ, ఎకరాకు తక్కువ కాపు ఉంచడం, ఏళ్ల తరబడి నిల్వ వంటివి ఇందులోకి వస్తాయి. ఓక్ పీపానే తీసుకోండి. బోర్డో పీపాలో 225 లీటర్లు పడతాయి, అంటే 300 సీసాలు. పీపా 75,000 రూపాయలనుకుంటే ఒక్కో సీసా మీద 250 రూపాయలు పడతాయి. తక్కువ ధర వైన్లలో పీపాకు బదులు స్టీలు తొట్టెలో ఓక్ ముక్కలు వేసి ఆ వాసన తెప్పిస్తారు. అది మోసం కాదు, యూరప్‌లో కూడా అనుమతి ఉన్న పద్ధతే. కాకపోతే పీపా చెక్క గుండా సన్నగా సాగే గాలి మార్పిడి వల్ల వగరు మెత్తబడటం తొట్టెలో అదే తీరున జరగదు.

రెండోది పేరు. బోర్డోలో 1855లో చేసిన వర్గీకరణ నేటికీ ధరలను శాసిస్తోంది.

మూడోది పన్ను. దిగుమతి వైన్‌పై మన దేశం చాలా ఏళ్లు 150 శాతం కస్టమ్స్ సుంకం వేసింది. ఆ లెక్కన 500 రూపాయల సీసా రేవు దాటేసరికి 1,250 అవుతుంది. దానిపై రాష్ట్రాల ఎక్సైజ్ సుంకం, దుకాణం లాభం ఉంటాయి. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా నుంచి వచ్చే 5 డాలర్లు, అంతకు మించిన ధర గల సీసాలపై సుంకం తగ్గడం మొదలైంది. మొత్తానికి మన దుకాణంలో దిగుమతి సీసా ధర వైన్ నాణ్యత కంటే పన్నుల గురించే ఎక్కువ చెప్పవచ్చు.

నాలుకకు ధర తెలుస్తుందా?

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఒక పరీక్ష పెట్టారు. పేర్లు దాచిన ఎర్ర వైన్లు పది, వాటిలో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బోర్డోవి. లెక్కలోకి తీసుకున్నది తొమ్మిదిమంది ఫ్రెంచ్ న్యాయనిర్ణేతల మార్కులు. మొదటి స్థానం 1970లో నాటిన ఒక కాలిఫోర్నియా తోట వైన్‌కు దక్కింది. శతాబ్దాల పేరున్న ఫ్రెంచ్ సీసాలు వెనకబడ్డాయి.

2001లో బోర్డో పరిశోధకులు ఒక తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇచ్చారు. దాని వాసనను వాళ్లు ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మింది.

2008లో కాలిఫోర్నియాలో మరో ప్రయోగం జరిగింది. 20 మందికి ఐదు ధరలు చెప్పి ఐదు వైన్లన్నారు, నిజానికి ఉన్నవి మూడే. ఒకే వైన్‌ను 10 డాలర్లన్నప్పటి కంటే 90 డాలర్లన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. మెదడు స్కానింగ్‌లో, ఆనందంతో ముడిపడిన భాగం కూడా అప్పుడే ఎక్కువ చురుగ్గా కనిపించింది. వాళ్లు గొప్పకు చెప్పలేదు, నిజంగానే ఎక్కువ ఆస్వాదించారు. ధర చెప్పకుండా ఇచ్చినప్పుడు ఆ తేడా పోయింది.

అదే ఏడాది వెలువడిన ఇంకో అధ్యయనం 6,000కు పైగా 'గుడ్డి' రుచి పరీక్షలను విశ్లేషించింది. శిక్షణ లేనివారు ఖరీదైన వైన్లను కాస్త తక్కువగానే ఇష్టపడ్డారు. శిక్షణ ఉన్నవారిలో మాత్రం ధరకూ ఇష్టానికీ కొంత పొంతన కనిపించింది. నిపుణులకూ పరిమితులున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్ర పోటీలో ఒకే సీసా నుంచి మూడుసార్లు పోసి ఇస్తే, మూడింటికీ ఒకే స్థాయి మార్కులు వేయగలిగినవారు పది శాతం మందే.

అయితే ఎలా ఎంచుకోవాలి?

ముందు లేబుల్‌పై మూడు సంగతులు చూడండి: ద్రాక్ష రకం, ప్రాంతం, ఆల్కహాల్ శాతం. 14 శాతం దాటితే ఎక్కువగా వెచ్చని ప్రాంతపు బరువైన వైన్ అయి ఉంటుంది. 12 దగ్గరుంటే తేలికైనది.

తక్కువ ధరలో పీపాలో ఏళ్లు నిల్వ చేసిన వైన్‌ను ఆశించకూడదు. తాజా పండు రుచినిచ్చే, ఇటీవలి సంవత్సరపు సీసాయే నయం. మన దగ్గర ఆ ధరకు దేశీయ వైన్‌లో డబ్బుకు దక్కే విలువ సాధారణంగా ఎక్కువ, ఎందుకంటే దిగుమతి సుంకం ఉండదు. మధ్య ధరలో పెద్ద పేర్ల కంటే చిలీ, మెండోసా, రియోహా వంటి చోట్ల ఎంపిక ఎక్కువ. పై ధరలో మీరు కొనేది అరుదుదనం, నిల్వ కాలం, పేరు. రుచి అదే నిష్పత్తిలో పెరగదు.

తిండిని బట్టి కూడా ఆలోచించాలి. మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. అందుకే కారం దండిగా ఉన్న కూరతో ఎక్కువ ఆల్కహాల్, ఎక్కువ వగరు ఉన్న వైన్ మంటను పెంచుతుంది. ఇక ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో వడ్డించాలన్న మాట యూరప్ గదులకు చెప్పింది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన గదికి అది వర్తించదు. ఎండ తగిలే అరలో నెలల తరబడి నిలబెట్టిన సీసా ఎంత ఖరీదైనా చెడిపోయి ఉండవచ్చు.

ఆరోగ్యం మాటేమిటి?

ఎర్ర వైన్ గుండెకు మేలన్న ప్రచారం 1990ల మొదట్లో 'ఫ్రెంచ్ వైరుధ్యం' పేరుతో మొదలైంది. తొక్కలోని రెస్వెరట్రాల్‌కు ఆ ఘనత కట్టబెట్టారు. కానీ లీటరు వైన్‌లో అది ఉండేది సాధారణంగా కొద్ది మిల్లీగ్రాములే. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే మాత్రం సుమారు 15 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఒంట్లోకి వెళుతుంది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఆరోగ్యం కోసమని వైన్ మొదలుపెట్టడానికి శాస్త్రం ఏ కారణమూ చూపడం లేదు. గర్భిణులు, మందులు వాడేవారు, బండి నడిపేవారు పూర్తిగా దూరంగా ఉండాలి.

తాగనివారికీ పనికొచ్చే పరీక్ష

ఆహార ప్రయోగశాలల్లో 'ట్రయాంగిల్ టెస్ట్' అనే పద్ధతి ఉంది. మూడు ఒకేలాంటి కప్పులు తీసుకోండి. రెండింటిలో ఒకే పదార్థం, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో కళ్లు మూసుకుని చెప్పాలి. ఊహించి చెబితే ఒక్కసారికి సరైన జవాబు వచ్చే అవకాశం మూడింట ఒకటి. ఆరుసార్లలో కనీసం ఐదుసార్లు కేవలం ఊహతో సరిగ్గా చెప్పే అవకాశం 2 శాతం లోపే. అంతవరకు వస్తే మీ నాలుకకు ఆ తేడా నిజంగా తెలుస్తోందని నమ్మవచ్చు.

దీనికి వైన్ అవసరం లేదు. కిలో 300 రూపాయల టీ పొడి, 900 రూపాయల టీ పొడి చాలు. నెయ్యితో చేయవచ్చు, బాస్మతి బియ్యంతో చేయవచ్చు. ఇంట్లో పిల్లల చేత కప్పులు మార్పించి ఓసారి చేసి చూడండి. మీరు ఇన్నాళ్లూ రుచికి డబ్బు పెడుతున్నారో, పేరుకు పెడుతున్నారో తేలిపోతుంది.